దూడ చోట్లో ఏసన్న

మా బావ ఏసన్న పాలు మానేశాడని మొదట తెలిసింది నాకే. అదీ నా ఇంట్లో, నేను పెట్టిచ్చిన టీ గ్లాసు ముందు. గ్లాసు చేతిలోకి తీసుకుని, అది చల్లారి మీగడ కట్టేదాకా చూస్తూ కూర్చుని, "ఆరాధనమ్మా, కొంచెం నల్ల టీ పెట్టియ్యమ్మా" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ మాట పొయ్యి మీద ఉన్నప్పుడే చెప్పొచ్చు కదా! పైగా ఆ పాలు ఆయన భార్య విశ్వాసమ్మక్క పంపినవే. మా రెండిళ్లకూ మధ్య ఒక్కటే గోడ. నా భర్త అరుణ్ కుమార్‌కు ఏసన్న సొంత అన్న.

"కడుపులో బాగలేదా బావా?" అని అడిగాను.

"కడుపులో బాగానే ఉండాది. గొంతులోనే దిగలే."

నేను అంగన్‌వాడీ టీచర్ని. పొద్దున లేస్తే పిల్లల చేత గుడ్డు తినిపించడం, పాలు తాగించడం నా ఉద్యోగం. పాలు తాగనని మూతి బిగించే పిల్లల్ని రోజూ చూస్తాను, బుజ్జగిస్తాను, కసురుతాను. యాభై దాటిన మగమనిషి అదే ముఖం పెట్టుకుని నా ముందు కూర్చుంటే ఏం చెయ్యాలో మాత్రం నాకెవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. నల్ల టీ పెట్టిచ్చాను.

మాది బేతంచెర్లకు ఆనుకున్న ఊరు. బావ నాపరాళ్ల ఫ్యాక్టరీలో బండలు మోస్తాడు. ఆ పని చేసేవాళ్లు మా వీధిలో ఇంటికొకరున్నారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు పేరొచ్చింది వేరే పనితో. గడ్డిదూడ చేయాలంటే ఏసన్నే చేయాలి.

ఎనుము, అదే బర్రె, పాలు చేపాలంటే, అంటే పొదుగులోకి పాలు దించాలంటే, దానికి దూడ కనపడాలి, వాసన తగలాలి. దూడ చచ్చిపోతే చాలా ఎనుములు పాలు బిగబట్టేస్తాయి. ఎంత పిండినా చుక్క రాలదు. అప్పుడు చచ్చిన దూడ తోలు ఒలిచి, ఉప్పు పట్టించి, నీడలో ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి కుడతారు. కాళ్లకు నాలుగు కట్టెలు పెడతారు. పైన ఉప్పునీళ్లు చల్లి ఎనుము మూతి ముందు నిలబెడితే, అది నాకుతూ నాకుతూ చేపేస్తుంది. ఇది మా మామ దాసన్న చేతి విద్య, ఆయన దగ్గర్నుంచి బావకు వచ్చింది. బావ కుట్టిన గడ్డిదూడకు చెవులు కూడా నిలబడి ఉండేవి. చూసినవాళ్లు లేచి నడుస్తుందేమో అనేవాళ్లు. ఆయన మురిసిపోయేవాడు కూడా.

చచ్చేది ఎక్కువగా మగదూడే. దానికి తాగించే పాలు దండగ అని ఎవరూ పైకి అనరు. రెండు గుటకలు తాగనిచ్చి లాగి కట్టేస్తారు, అంతే. అది చిక్కి చిక్కి ఒకరోజు లేవదు. అప్పుడు ఏసన్నకు కబురొస్తుంది.

ఆ చలికాలం పెద్ద ఈరన్న అనే రైతు ఇంటి ఎనుముకు బావ గడ్డిదూడ చేసిచ్చాడు. కొన్నాళ్లకు మళ్లీ కబురు. ఎనుము నాకీ నాకీ కుట్లు తెంపేసిందట, వచ్చి కుట్టి పొమ్మన్నాడు. బావ దబ్బనం, పురికొస తీసుకుని పోయాడు. ఆ ఏడు వానల్లేక ఎక్కడా మేత లేదు. పశువులు గోడల మీది సినిమా కాగితాలు పీక్కుని నమిలే రోజులు. వెళ్లేసరికి గడ్డిదూడ పొట్ట చీలి, లోపలి గడ్డి కుప్పగా నేల మీద పడి ఉంది. డొక్కలు లోపలికి పోయిన ఎనుము మూతి ముందరే ఉంది ఆ గడ్డి. దాన్ని ముట్టకుండా, ఖాళీ అయిన తోలును పట్టుకుని నాకుతోంది.

"ఉప్పు కోసం నాకుంటాది బావా. ఉప్పునీళ్లు చల్లేది నువ్వే కదా" అన్నాను నేను, ఆయన ఈ సంగతి చెప్పినప్పుడు.

"ఉప్పు కోసమే అనుకో. ఆకలిగొన్న నోరు ఎదురుగా ఉండే గడ్డిని యాల ఇడిసిపెట్టిందమ్మా?"

ఆ రోజు ఆయన ఆ గడ్డినే ఎత్తి మళ్లీ తోలులోకి కూరి కుట్టాడు. ఎనుము చేపింది. పెద్ద ఈరన్న భార్య ఆ పాలతోనే చిక్కటి టీ చేసి తెచ్చిచ్చింది. మర్యాదకు మింగాడు. ఆయన మింగిన పాలలో అవే ఆఖరివి. ఆ మర్నాడే నా టీ గ్లాసుకు పట్టిన గతి పైన చెప్పాను.

పాలతో ఆగి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. పాల వెనకే పెరుగు పోయింది, నెయ్యి పోయింది. ఆ తర్వాత ఒక ఆదివారం మాంసం గిన్నె పక్కకు జరిపాడు. గుడ్డు కూడా వద్దన్నాడు. "ఒకదాని కాడ కండ్లు తెరిస్తే ఇంకోటి కనబడతాందమ్మా, నేనేం చేసేది" అన్నాడు. జొన్నరొట్టె, ఎర్రకారం, వేరుశనగ ఊరిబిండి, పప్పు. వీటితోనే మూడు పూటలూ.

ఒక మాట ఇప్పుడే చెప్పేస్తాను. నాకు ఆదివారం బోటి కూర లేకపోతే చర్చికి పోయొచ్చినట్టే ఉండదు. ఇప్పటికీ అంతే. ఆయన కథ చెబుతోంది కాబట్టి ఈమె కూడా మారిపోయి ఉంటుందని ఎవరూ అనుకోవద్దు.

మా ఊళ్లో తినకపోవడానికి కొన్ని లెక్కలున్నాయి. మాల వేసుకుంటే తినరు, డాక్టరు వద్దంటే తినరు, మొక్కు ఉంటే తినరు. అడిగినవాళ్లకు బావ వీటిలో ఏదో ఒకటి చెప్పి ఉంటే బతికిపోయేవాడు. "తినబుద్ధి కాలేదప్పా" అంటాడు. అది ఎవరికి అర్థమవుతుంది? మాది తాతల కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం. ఏసన్న లోపల్లోపల ఏదో మాల వేసుకున్నాడని పుకారు లేచింది. సంఘపెద్ద హెన్రీ సారు ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని, మెల్లగా అడిగాడు.

"ఏమప్పా ఏసన్నా, యాడికన్నా పోతాండావా?"

"యాడికీ పోలే సార్. ఈడనే ఉండా."

"మరి మన కూడు మనం తినకపోతే మనోళ్లు ఏమనుకుంటారు? వీనికి మన తిండి మీద అసయ్యం పుట్టింది, పెద్దింటోళ్ల మాదిరి కావాలనుకుంటాండాడు అనుకోరా?"

బావకు దెబ్బ తగిలింది అక్కడే. మా తిండిని చూసి మా తాతల్ని ఊరంతా దూరం పెట్టింది. బావ చిన్నప్పుడు బడిలో మూల కూర్చుని అన్నం తిన్నాడు. అలాంటి తిండిని కాదన్నాడంటే మనుషుల్ని కాదన్నట్టే కదా అని మా వాళ్ల బాధ. అది తప్పని నేను అనను. నాకూ కొంచెం అలాగే అనిపించింది.

పుండు మీద కారం చల్లినట్టు, పెద్దింటి వెంకటేశ్వరమ్మ దారిలో ఆయన్ని ఆపి మరీ మెచ్చుకుంది. "శానా మంచి పని చేసినావు ఏసన్నా. ఇప్పుడు మనిషివైనావు."

"ఇంతకు ముందు నేనేమమ్మా?" అని అడిగాడు బావ. ఆమె నవ్వి వెళ్లిపోయింది.

ఆ కోపంతో నేరుగా మా ఇంటికొచ్చి, "కూర ఉంటే పెట్టమ్మా, తింటా" అన్నాడు. నాకు పట్టలేనంత సంతోషం. మూకుడులో ఉన్నదంతా పళ్లెంలో వేశాను. ముక్క చేతిలోకి తీసుకుని కూర్చున్నాడు. చివరికి ముక్క పళ్లెంలో పెట్టి, "ఆయమ్మ మీద కోపంతో కూడా దిగలేదమ్మా" అని లేచిపోయాడు. అటు ఆమె మెప్పు వద్దు, ఇటు మనవాళ్ల పళ్లెం దిగదు. పాపం, ఆ పూట ఆయన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆయన కూతురు మహిమ కర్నూలులో నర్సింగ్ చదువుతోంది. ఫోన్లో నవ్వుతూ చెప్పింది. "నాయనా, నీ మాదిరి వాళ్లు సిటీలలో శానామంది ఉండారు. వీగన్ అంటారు. వాళ్లు బాదం పాలు తాగుతారు."

"దీనికి పేరు కూడా ఉండాదా!" అని ఆశ్చర్యపోయాడు బావ. బాదంపప్పు కొట్టు గాజుసీసాలో చూడ్డమే తప్ప ఆయన ఇంట్లో చూసిందెప్పుడు?

విశ్వాసమ్మక్క సంగతి చెప్పాలి. ఆమె మొదట అలిగింది. "నా చేతి కూర ఎగటైందా?" అని రెండు పూటలు తినలేదు. తర్వాత లెంట్ వచ్చింది. ఈస్టర్‌కు ముందు ఆ నలభై రోజులూ మా వాళ్లలో చాలామంది మాంసం మానుకుంటారు. హెన్రీ సారే దారి చూపించాడు, ఏసన్న లెంట్ కాస్త ముందు మొదలుపెట్టాడు అనుకుందామని. ఊరు ఊపిరి పీల్చుకుంది. అక్క కూడా ఈస్టర్ కోసం ఎదురుచూసింది. పండుగ రోజు తెల్లవారకముందే లేచి, మసాలా నూరి, ఇల్లంతా వాసన వచ్చేలా వండింది. చర్చి అయ్యాక చర్చి ఆవరణలో ప్రేమవిందు ఉంటుంది. సంఘమంతా ఒకే బంతిలో కూర్చుని తింటారు. ఇంటింటి కూరా ఆ బంతిలోకే వస్తుంది. అక్క తన గిన్నె తనే పట్టుకుని వచ్చి, అందరి ముందూ మొగుడి ఆకులో వడ్డించబోయింది. బావ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

అక్క ఆ పూట ఏడ్చిన ఏడుపు నేనెప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చాక కళ్లు తుడుచుకుని తేల్చి చెప్పింది.

"నీ నోరు నీ ఇష్టమయ్యా. నీకు వేరే వండి పెడతా, సరే. నా ఎనుము జోలికి మాత్రం రావద్దు. దాని పాలతోనే నా బిడ్డ చదువుతాంది."

"రాను" అన్నాడు బావ. గడ్డిదూడలు కుట్టే దబ్బనం కూడా చూరులో గుచ్చేశాడు. పెద్ద ఈరన్నలాంటి వాళ్లు వచ్చి బతిమాలారు, తిట్టిపోయారు. కుట్టలేదు.

అక్క ఎనుము ఆమె సొంతం. పొలం పనికి పోయి, కలుపు తీసి, డబ్బు కూడబెట్టుకుని కొనుక్కుంది. తెల్లారుజామున ఒకసారి, పొద్దుగూకేముందు ఒకసారి పిండి, పాల కేంద్రానికి పోస్తుంది. మొగుడి కూలి ఇంటికి, పాలు మహిమకు. ఇందులో ఎవరూ దూరడానికి లేదు.

వానాకాలంలో ఆ ఎనుము ఈనింది. మగదూడ. అక్క ముఖం చిన్నబోయింది. అయినా ఆమె దుర్మార్గురాలేం కాదు. అందరూ చేసేదే చేసింది. రెండు గుటకలు తాగనిచ్చి లాగి కట్టేసేది. దూడ మెడ చాచి చాచి అరిచేది. గోడ అవతల నాకే నిద్ర పట్టేది కాదు, బావ సంగతి చెప్పాలా?

ఆయన మాట ఇచ్చాడు. ఆ మాట ఎలా తప్పాడంటే, అక్క లేవకముందే లేచి దూడ తాడు విప్పేవాడు. అది కడుపునిండా తాగాక మళ్లీ కట్టేసి, ఏమీ తెలియనట్టు వచ్చి పడుకునేవాడు. ఏళ్ల తరబడి ఆకలితో చచ్చిన దూడల తోళ్లు కుట్టిన మనిషి కదా, ఈ ఒక్కదాని పొట్ట అయినా నిండనిద్దాం అనుకున్నాడు. దూడ తోక ఎగరేసి తాగుతుంటే చూసి మురిసిపోయాడట. దూడ ఎలా చస్తుందో తెలిసినంతగా ఎలా బతుకుతుందో ఆయనకు తెలియలేదు. అలవాటు లేని పసిదానికి ఒక్కసారిగా అన్ని పాలు పడితే అరగవు. దూడ తెల్లగా పారుకోవడం మొదలుపెట్టింది.

పశువుల డాక్టరు మందిచ్చాడు. బావ ఫ్యాక్టరీకి పోలేదు. తన కంబళి పరిచి దూడను దాని మీద పడుకోబెట్టి, పక్కనే కూర్చుని నీళ్లు పట్టాడు. నిలవలేదు. దాన్ని వాగు వంకలోకి ఎత్తుకుపోయి, ఎవరూ తోలు తీయకుండా లోతుగా గుంత తీసి పూడ్చేసి వచ్చాడు.

అక్కకు అంతా అప్పుడే అర్థమైంది. "పొద్దున పొదుగు మెత్తగా ఉంటాంటే ఏమో అనుకుంటి. నువ్వు ఇప్పుతాండావా?"

"ఇప్పినా."

"అందరి దూడలూ పాలు లేక సచ్చె. నా దూడ నీ దయతో సచ్చె. ఇప్పుడు చెయ్యి. గడ్డిదూడ చెయ్యి. తోలు యాడ?"

"పూడ్సినా."

అక్క కొట్టలేదు, తిట్టలేదు. అరుగు మీద కూలబడిపోయింది. ఆమె కొట్టి ఉంటే బాగుండేదని బావ తర్వాత నాతో అన్నాడు.

ఎనుము పాలు బిగబట్టింది. అక్క పొదుగు కడిగి, నిమిరి, పాట పాడి, తవుడు పెట్టి, ఎన్ని చేసినా చుక్క లేదు. తన్నింది కూడా. పొదుగు గట్టిపడింది. ఇంక రెండు రోజులు ఇలాగే ఉంటే ఎనుము వట్టిపోతుంది, మళ్లీ ఈనేదాకా పాలుండవు. మహిమ హాస్టలు సంగతి ఏమిటి? అక్క లేవికి కబురు పెట్టింది. లేవి బండి మీద తిరుగుతూ పశువులకు సూదులు వేస్తాడు. ఆ సూది పడితే క్షణంలో పాలు కారిపోతాయి. రోజూ వేస్తే ఎనుము ఏమవుతుందో బావ చాలా ఇళ్లలో చూశాడు. నొప్పికి ఒళ్లు మెలితిరిగిపోతుంది. తర్వాత చూలు నిలవదు.

లేవి బండి దిగుతుండగా బావ అడ్డం వెళ్లాడు. "ఒక్క పూట ఆగప్పా. ఒక్క పూట సూడనీ."

ఏం చూస్తాడో ఎవరికీ తెలియదు. నేనూ గోడ మీద నుంచి చూస్తున్నాను. బావ చొక్కా విప్పేశాడు. దూడ పడుకుని చచ్చిన కంబళి తెచ్చి తలమీద నుంచి కప్పుకున్నాడు. ఉప్పునీళ్లు చల్లుకున్నాడు, మెడకూ చేతులకూ పూసుకున్నాడు. దూడను కట్టేసే గుంజ దగ్గర, ఎనుము మూతి కింద, మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఎనుము వాసన చూసింది. చాలాసేపు చూసింది. గొంతులోంచి సన్నగా ఒక కూత వేసింది. ఈనిన రోజు దూడను చూసి వేసిన కూత అది. తర్వాత నాలుక తీసి మా బావ మెడ నాకడం మొదలుపెట్టింది.

"సేపింది! సేపింది!" అని అరిచాడు లేవి. అక్క చెంబు పట్టుకుని పరిగెత్తింది. లేవి నవ్వీ నవ్వీ బండి మీద చేరగిలబడ్డాడు. నాకూ నవ్వొచ్చింది. దాచుకోవడం ఎందుకు, కడుపు పట్టుకుని నవ్వాను. సాయంత్రానికి ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే సాయంత్రం కూడా ఆయన కూర్చోవాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున కూడా.

అప్పటి నుంచి బావ బతుకు ఆ గుంజకు కట్టేసినట్టే అయింది. తెల్లారుజామున కూర్చోవాలి, పొద్దుగూకకముందే మళ్లీ వచ్చి కూర్చోవాలి. దూరంగా ఉన్న ఫ్యాక్టరీ వదులుకుని, ఊరి పక్క క్వారీలో తక్కువ కూలికి చేరాడు. పత్తికొండలో మేనల్లుడి పెళ్లికి పోలేకపోయాడు. ఎనుము నాలుక ఆకురాయి లాంటిది. చేతుల మీద, మెడ మీద తోలు లేచిపోయి, ఆ పచ్చి మీద ఉప్పునీళ్లు పడితే పళ్లు బిగించుకునేవాడు. నేను కొబ్బరినూనె ఇచ్చాను. రాసుకోలేదు. వాసన మారితే అది చేపదని భయం.

ఎనుము పాలిచ్చే కాలం ఇంకా చాలా ఉంది. పాల కేంద్రం నుంచి ఊళ్లో అందరికీ ఆ పాలు పోతున్నాయి. మా అంగన్‌వాడీ పిల్లల ఇళ్లకు కూడా. ఆ పాలు ముట్టనిది ఆయనొక్కడే. ఆ పాలు రావాలంటే ఆయనే ఉండాలి. ఇంతకంటే అన్యాయమైన ఉచ్చు ఎవరికైనా బిగిసిందా? దేవుడి మీద కూడా నాకు కోపం వచ్చింది. పోనీ లేచి రాలేడా అంటే, లేస్తే లేవి సూది ఉంది, లేదంటే మహిమ చదువు ఆపి ఇంటికొచ్చేస్తుంది. ఒకరోజు అడిగాను.

"ఎవరు కట్టేసినారు బావా నిన్ను? లేచి వచ్చెయ్."

"దూడను సంపింది నేనే గదమ్మా. దాని సోటు ఖాళీగా ఉండాది. ఇంకెవరు కూసుంటారు?"

అంతలో మహిమ కాలేజీలో పండుగ వచ్చింది. మొదటి ఏడాది పిల్లలకు దీపాలు వెలిగించి, ప్రమాణం చేయించి, నర్సు టోపీ పెడతారట. అమ్మానాన్నలు రావాలి. "నాయనా, నువ్వు తప్పకుండా రావాల" అని మహిమ ఫోన్లో ఒకటే పోరు. బావ సరే సరే అంటూనే ఉన్నాడు. ఆ రోజు పొద్దున కర్నూలు బస్సు ఎక్కింది విశ్వాసమ్మక్క ఒక్కతే. ఆ పూటకు పాలు పిండే పని నాకు అప్పజెప్పింది.

సాయంత్రం నేను చెంబు పట్టుకుని పొదుగు దగ్గర కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే నుదురు ఎనుము డొక్కకు ఆనుకుంటుంది. కనిపించేది పొదుగు, చెంబు, మన చేతులు. తల దగ్గర ఏం జరుగుతోందో కనపడదు. పుండ్లు తర్వాత చూసింది కానీ, అవి పడేటప్పుడు ఇన్నాళ్లూ అక్కకు కూడా కనపడలేదు. అది నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఫోను మోగింది. వీడియో కాల్. మహిమ. నేను చేతులు తుడుచుకుని, ఫోను బావ వైపు గుంజకు ఆనించి పెట్టాను. తెరలో మహిమ తెల్లబట్టల్లో, టోపీ పెట్టుకుని వెలిగిపోతోంది. పక్కన అక్క, పట్టుచీర.

"నాయనా, సూడు! టోపీ ఎట్లుండాది?"

"శానా బాగుండాది తల్లీ" అన్నాడు బావ, కంబళిలోంచి తల ఎత్తి. ఎనుము ఆయన చెంప మీద నాలుకతో ఒక్క గీత గీసింది. ఆ గీత మీద ఇంతకుముందే పుండు ఉంది. ఆయన కళ్లు మూసుకుని, దవడ బిగించి, మళ్లీ తెరిచి నవ్వాడు. మహిమ నవ్వు ఆగిపోయింది. అక్క కూతురి చేతిలోంచి ఫోను లాక్కుని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. చూస్తూనే ఉంది.

"పాలు బాగా వస్తాండాయి విశ్వాసం, నువ్వు దిగులు పడొద్దు" అన్నాడు బావ.

ఫోను ఆగిపోయింది.

మర్నాడు తెల్లారుజామున గోడ అవతల అలికిడికి లేచి చూశాను. రాత్రి ఆఖరి బస్సుకే తిరిగొచ్చిన అక్క తన పాత చీరను ఉప్పునీళ్లలో తడుపుతోంది. కంబళి ఆమె భుజాన ఉంది. బావ చొక్కా గుండీలు పెట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. వదులుకున్న ఫ్యాక్టరీ పనికే, వాళ్ల లారీని అందుకోవడానికి. ఎన్నాళ్లయింది ఆయన్ని ఆ వేళప్పుడు చొక్కాతో చూసి!

"ఇయ్యాల నేను కూసుంటా. ఆరాధన పిండుతాది. నువ్వు పో" అంది అక్క.

"అది నిన్ను..."

"పో అంటాండా కదా!"

ఆయన వెళ్లాడు. వీధి చివర లారీ కోసం నిలబడ్డాడు. నేను పొదుగు దగ్గర కూర్చుని, ఈసారి మెడ పక్కకు వంచి దాని తల వైపే చూశాను. అక్క కంబళి కప్పుకుని, ఉప్పు చీర చుట్టుకుని, ఆయన కూర్చునే చోట మోకాళ్లు వేసింది. మెడ చాచి ఎనుముకు అందించింది. "నాకు తల్లీ, నాకు. నన్ను నాకు" అంది. ఆ గొంతులో ఏడుపు నాకు వినపడుతూనే ఉంది.

ఎనుము కంబళి వాసన చూసింది. అక్క మెడ వాసన చూసింది. తల పక్కకు తిప్పేసుకుంది. పొదుగు నా చేతుల్లో బండలా ఉంది. ఎనుము తల ఎత్తి, వాకిలి వైపు చూసి అరిచింది. కసరడం కాదు, తన్నడం కాదు. దూడ కనపడకపోతే అరిచే అరుపు. మళ్లీ అరిచింది. గుంజ చుట్టూ తిరిగింది. అక్క రెండు చేతులూ జోడించి దాన్ని బతిమాలింది.

నేను లేచి గోడ మీద నుంచి చూశాను. వీధి చివర లారీ ఆగి ఉంది. ఎక్కేవాళ్లు ఎక్కారు. బావ ఒక చెయ్యి లారీ మీద పెట్టి నిలబడి ఉన్నాడు. ఎనుము మూడోసారి అరిచింది. ఆయన చెయ్యి తీసేశాడు.

వాకిట్లోకి వస్తూనే చొక్కా విప్పి, మడిచి నా చేతికిచ్చాడు. అక్క ఆయన కాళ్లు పట్టుకుంది. ఆయన ఆమెను లేవనెత్తి, భుజాన ఉన్న కంబళి తీసి తను కప్పుకున్నాడు.

"నీ తప్పు లేదు విశ్వాసం. అది పిలుస్తాంది" అన్నాడు.

మోకాళ్ల మీద కూర్చుని, మెడ చాచాడు. నేను పొదుగు మీద చెయ్యి వేశాను. మెత్తబడింది.